మైనము, రంగు, చెక్క: క్రైస్తవ చిత్రకళలో పదార్థములు, పద్ధతులు

ప్రస్తావన

నిర్గమకాండము 31, 35 అధ్యాయములలో బెసలేలు, అహోలీయాబులను గూర్చి బోధించునప్పుడు మనము సాధారణముగా దేవుని ఆత్మ వారిని నింపిన సంగతి దగ్గర ఆగిపోతాము. అయితే ఆ వాక్యభాగము అంతటితో ముగియదు. లోహపు పని, రత్నములు పొదుగుట, చెక్క చెక్కుట, అద్దకము, నేత, వీటన్నిటిని ఆత్మ వరములోనే చేర్చి చెబుతుంది. కనుక క్రైస్తవ చిత్రము యొక్క భావమేమి అని అడిగే ముందు, అది దేనితో, ఏ విధముగా చేయబడినదని అడుగుట వాక్యానుసారమైన ప్రశ్నే.

ఈ వ్యాసములో బాతిక్, చెక్కముద్ర అను రెండు పద్ధతులను పరిశీలిస్తాము. ఈ రెండు పద్ధతులను వాడిన తెలుగు క్రైస్తవ చిత్రకారులలో ఒకరు దివంగత డా. పి. సాల్మన్ రాజ్ గారు. 1921లో జన్మించిన ఆయన ఆంధ్ర లూథరన్ సంఘపు పాదిరి, వేదాంత పండితుడు, చిత్రకారుడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో సెల్లీ ఓక్ కళాశాలలలో బోధించారు. ముంగమూరి దేవదాసు అయ్యగారి బైబిలు మిషనుపై ఆయన పరిశోధన 1986లో గ్రంథముగా వెలువడింది. అలాంటి పండితుడు తన వేదాంతమును గ్రంథములతో పాటు బట్టపైన, చెక్కపైన కూడ వ్రాయుట గమనింపదగినది.

1. బాతిక్: మైనము కాపాడిన రంగు

బాతిక్ అను మాట జావా ద్వీపమునుండి వచ్చింది. పద్ధతి మాత్రము మన తీరమునకు కొత్తది కాదు. పూర్వము కోరమాండల్ తీరపు కలంకారీ అద్దకములో నీలిమందు తొట్టిలో బట్టను ముంచే ముందు, నీలము పట్టకూడని భాగములకు మైనము పూసేవారు. బాతిక్ ఆధారపడేది ఈ సూత్రము మీదనే: మైనము ఉన్న చోట రంగు పట్టదు.

పని క్రమము ఇది. నూలుబట్టను ఉతికి గంజి పూర్తిగా పోగొట్టాలి. గంజి మిగిలితే రంగు సమముగా పట్టదు. బొమ్మను పలుచగా గీసి, తెల్లగా ఉండవలసిన భాగములకు కరిగిన మైనము కుంచెతో పూయాలి. సన్నని గీతలకు రాగి ముక్కు గల చిన్న పనిముట్టును వాడతారు. తరువాత బట్టను లేతరంగులో, ఉదాహరణకు పసుపులో, ముంచి ఆరబెట్టాలి. పసుపుగా నిలువవలసిన భాగములకు మళ్లీ మైనము పూసి ఎరుపులో ముంచాలి. ఆ పిమ్మట నీలము లేక నలుపు. రంగులన్నీ చల్లని నీటిలో పట్టేవే కావాలి. వేడినీటి రంగైతే మైనము కరిగిపోతుంది. చివరకు బట్టను మరిగే నీటిలో వేసి, లేదా పాత వార్తాపత్రికల మధ్య ఉంచి ఇస్త్రీ చేసి మైనము తీసివేస్తారు.

తేనెమైనము సుమారు 62 నుండి 65 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరుగుతుంది. అది మెత్తనిది, బట్టను గట్టిగా పట్టుకుంటుంది. పారఫిన్ మైనము పెళుసుగా ఉండి పగులుతుంది. ఆ పగుళ్లలోనికి రంగు చొరబడి సాలెగూడు వంటి గీతలు ఏర్పడతాయి. ఈ రెంటినీ కలిపే పాళ్లను బట్టి పగుళ్లు ఎక్కువ తక్కువలవుతాయి. యౌవనస్థులకు నేర్పించే కాపరులు ఒక జాగ్రత్త తెలిసికొనవలెను: మైనమును నేరుగా మంటపై కాక, నీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. మైనము అంటుకుంటే నీళ్లు పోయరాదు. మూత వేసి ఆర్పాలి.

ఇక్కడ ఒక ముఖ్య విషయము. నూనెరంగుల చిత్రకారుడు నలుపు మీద తెలుపు చివరలో పెట్టగలడు. బాతిక్ చేయువాడు అలా చేయలేడు. చిత్రములో వెలుగు ఎక్కడ ఉండాలో మొదటి ముంపుకు ముందే నిర్ణయించాలి. బేత్లెహేము నక్షత్రము చివరి అలంకారము కాదు, అన్నిటికంటె ముందు కాపాడవలసిన భాగము.

2. చెక్కముద్ర: తీసివేయగా మిగిలినది

చెక్కముద్రలో పలకపై బొమ్మ గీసి, తెల్లగా ఉండవలసిన భాగమును ఉలితో తొలగిస్తారు. ఎత్తుగా మిగిలిన భాగముపై రోలరుతో సిరా పూసి, కాగితము పరచి, చెంచా వెనుక భాగముతో రుద్దితే అచ్చు దిగుతుంది. చెక్కిన గుంటలలో సిరా ఉంటుందని కొందరు అనుకుంటారు. అది రాగిరేకు చెక్కడపు పద్ధతి. చెక్కముద్రలో దానికి వ్యతిరేకము. అచ్చు అద్దములో వలె తారుమారై వస్తుంది గనుక అక్షరములు తిరగవేసి చెక్కాలి. మన గుండ్రని తెలుగు అక్షరములను నారకు అడ్డముగా చెక్కునప్పుడు అంచులు విరుగుట సహజము. అందుకు మిక్కిలి ఓర్పు కావాలి.

పెడనలో కలంకారీ అద్దకమునకు వాడే టేకు అచ్చులు కూడ ఇదే సూత్రముపై పనిచేస్తాయి. ఒక పలక చెక్కితే అనేక ప్రతులు వస్తాయి. ఒకే ప్రతిగా ఉండే బాతిక్‌కు దీనికి భేదము ఇదే.

ఈ బహుప్రతుల శక్తిని సంస్కరణ ఉద్యమము గ్రహించింది. 1522 సెప్టెంబరులో లూథరు అనువదించిన క్రొత్త నిబంధన వెలువడినప్పుడు, ప్రకటన గ్రంథమునకు క్రానాక్ కార్యశాల చెక్కిన 21 చిత్రములు అందులో ఉన్నవి. కొన్నింటిలో మృగమునకు, బబులోను స్త్రీకి పోపు మూడంతస్తుల కిరీటమును పోలిన కిరీటము పెట్టారు. అభ్యంతరము రాగా, డిసెంబరు ముద్రణలో ఆ పై అంతస్తులను పలకలలోనుండి చెక్కివేసి మామూలు కిరీటముగా మార్చారు. పలక నుండి తీసివేయుట సులభము, చేర్చుట కష్టము. ఆ చిత్రపు చరిత్రలో చెక్క స్వభావము కూడ ఒక పాత్ర వహించింది.

3. రెండవ ఆజ్ఞ ప్రశ్న

చిత్రములు సంఘములో ఉండవచ్చునా? అదే 1522లో విట్టెన్‌బర్గులో కొందరు ఆలయ చిత్రములను తొలగించవలెనని పట్టుబట్టారు. మార్చిలో తిరిగివచ్చిన లూథరు, చిత్రములు ఆవశ్యకములు కావనీ, వాటిని పూజించరాదనీ, అయినను బలవంతముగా ధ్వంసము చేయరాదనీ బోధించాడు. ఆజ్ఞ పూజను నిషేధిస్తుంది, బోధకు వాడుకను కాదని ఆయన వాదన. అందరు సంస్కర్తలు దీనితో ఏకీభవించలేదు. మన సంఘములలో కూడ భిన్నాభిప్రాయములు గలవు. కాని పనిముట్లను, పద్ధతిని ఎరిగిన విశ్వాసి చిత్రమును మనుష్యుల చేతిపనిగా చూస్తాడు. మైనము కరిగించినవాడు ఆ బట్టకు మ్రొక్కడు. చేతిపనిని నేర్పుట విగ్రహారాధనకు ఒక అడ్డుకట్ట అని మా అభిప్రాయము.

4. మన సంఘములకు అన్వయము

నల్లజర్ల మొదలు ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు తీరము వరకు నేడు పండుగ వచ్చిందంటే ఫ్లెక్సీ కట్టుట వాడుక. అది ప్లాస్టిక్ పూత గల బట్ట. ఒక పూటలో వస్తుంది, కాని మట్టిలో కలియదు, తగులబెడితే హానికరమైన పొగ. దానిపై ముఖము సాధారణముగా పాశ్చాత్య చిత్రముల నకలు. దానికి బదులు సంఘ యౌవనస్థులు ఒక బట్టపై క్రీస్తు జననమును తామే అద్దితే, ఆ ముఖము ఎవరిని పోలి ఉండాలి, ఆ పాక ఏ ఊరి పాక అను ప్రశ్న వారికి తప్పక ఎదురవుతుంది. కొల్లేటి లంకలోని పడవ, వలయు చిత్రములోనికి రావచ్చును. అదే వేదాంత తరగతి.

చేసినదానిని కాపాడుట కూడ నేర్పాలి. బాతిక్‌ను ఎండ తగిలే కిటికీకి ఎదురుగా వ్రేలాడదీస్తే రంగు వెలిసిపోతుంది. మడత పెట్టక, కర్రకు చుట్టి ఉంచాలి. మన ప్రాంతపు వానకాలపు తేమకు బట్టకు బూజు, పలకకు చెదలు పడతాయి గనుక అప్పుడప్పుడు గాలికి ఆరబెట్టాలి.

ముగింపు

ప్రసంగములో చిత్రకళను ఉపమానముగా వాడే కాపరులు ముందు పని క్రమమును సరిగా తెలిసికొందురు గాక. పని తెలియని ఉపమానము, ఆ పని తెలిసిన వినువాని యెదుట నిలువదు. మన సంఘములలో అద్దకము, నేత, వడ్రంగము ఎరిగినవారు ఉన్నారు. వారిని పిలిచి, తరగతిలో కూర్చుండబెట్టి, వారి చేతులలోని జ్ఞానమును అడిగి తెలిసికొనుట వేదాంత విద్యార్థికి తగిన పని.