చదువుల సరితూకము

మన యుద్దానములో జీడిపిక్కల బస్తా యనగా 80 కిలోలని చిన్నపిల్లవానికిని దెలియును. డిప్లొమా యనగా నెన్ని యేండ్ల చదువో, దాని పిమ్మట నే చదువునకు దారి గలదో పెద్దలలో ననేకులకు దెలియదు. పదవ తరగతి ఫలితములు వెలువడినతోడనే కొబ్బరి జీడి తోటల రాబడినుండి రుసుములు చెల్లింపవలసిన మన సభ్యులకు ఈ తూకము ముందుగా దెలిసియుండుట మేలని తలంచి యిది వ్రాయుచున్నాము.

మొదట నేండ్లను లెక్కింపుడు. పదవ తరగతి వరకు 10, ఇంటర్మీడియట్‌కు 2, డిగ్రీకి 3, వెరసి 15 ఏండ్లు. మదరాసు రాజధాని కాలమున ఎస్.ఎస్.ఎల్.సి. 11వ యేట ముగియుచుండెడిది. ఆపైని ఇంటర్మీడియట్ 2, బి.ఏ. 2. అదియు 15 ఏండ్లే. కావున తాతగారి ఎస్.ఎస్.ఎల్.సి.ని నేటి పదవ తరగతితో సమానమనుట న్యాయము గాదు. అం దొక యేడు హెచ్చు.

కవిటి ప్రాంతమునకు ఒడిశా సరిహద్దు దగ్గఱ. బరంపురము కళాశాలలలో "ప్లస్ టూ" యనునది మన ఇంటర్మీడియట్. "ప్లస్ త్రీ" యనునది మూడేండ్ల డిగ్రీ. ఇంటర్ కంటె నొక్క తరగతి మాత్రమే యెక్కువ యని భ్రమపడరాదు.

చిక్కంతయు డిప్లొమా యను మాటలోనే యున్నది. పదవ తరగతి పిమ్మట పాలిటెక్నిక్‌లో మూడేండ్లు చదివినవానికి మొత్తము 13 ఏండ్లగును. ఇ-సెట్ పరీక్షలో నెగ్గినచో నతడు ఇంజనీరింగు రెండవ యేట చేరును. ఇంటర్ చదివినవాడు మొదటి యేడు ముగించునప్పటికి నతనికిని 13 ఏండ్లే. ఇరువురు నొకే బల్లపై గూర్చుండి 16వ యేట పట్టము పుచ్చుకొందురు. ఏ యొక్కరికిని కాలము నష్టము గాదు. నడుమ చదువు మానవలసివచ్చినచో డిప్లొమా చేతి కక్కఱకు వచ్చునని మా యభిప్రాయము. వైద్యవిద్య గోరువారికి మాత్రము జీవశాస్త్రముతోడి ఇంటర్మీడియటే దారి.

ఇక పట్టణములలో మూడు మాసముల కంప్యూటరు శిక్షణకును డిప్లొమా యనియే పేరు పెట్టుచున్నారు! పేరు నమ్మి రూకలు కట్టక, ఆ పత్రమును ఏ బోర్డు ఇచ్చునో, దానిని జూచి పై చదువులలో నెవరు చేర్చుకొందురో వ్రాతమూలముగా నడుగుడు. 2023లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జాతీయ క్రెడిట్ చట్రములో పదవ తరగతికి 3వ మెట్టు, పండ్రెండవ తరగతికి 4, మూడేండ్ల డిగ్రీకి 5.5, పిహెచ్.డి.కి 8 ఏర్పఱచినారు. మెట్టు సమానమైనంత మాత్రమున ప్రవేశము దొరకునని కాదు.

రైతుబిడ్డల చదువును గూర్చి మఱియొక మాట. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి వ్యవసాయ డిప్లొమా పదవ తరగతి పిమ్మట రెండేండ్లు. లెక్కకు 12 ఏండ్లే యైనను ఇది ఇంటర్మీడియట్ గాదు. నాలుగేండ్ల బి.యస్సీ. వ్యవసాయ చదువునకు వీరికి అగ్రిసెట్ అను ప్రత్యేకపరీక్ష కలదు. స్థానములు కొలదిగానే యుండును గనుక మొదటి యేటినుండియే శ్రద్ధ వహింపవలయును. మన జిల్లాలోని నైరా కళాశాలలో ఈ బి.యస్సీ. చెప్పుచున్నారు.