పితృవనం

శ్మశానం మాట ఎత్తితే చాలు, "శుభమా అని ఇప్పుడు ఆ ప్రస్తావన ఎందుకు?" అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కసురుకుంటారు. కుటుంబ పత్రికలో ఈ విషయం ఏమిటని కొందరు పాఠకులకు తోచవచ్చును. అయినా ఏ ఇంటివారికీ తప్పని ప్రయాణం అది. ఆ చోటును గురించి ఒక దేశంవారు ఎంత శ్రద్ధగా ఆలోచించారో చెప్పడం మంచిదని మేము తలచాము.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోం నగరానికి దక్షిణాన స్కూగ్స్‌షిర్కొగోర్డెన్ అనే శ్మశానవాటిక ఉన్నది. పేరు నోరు తిరగనిదే కాని, అర్థం తేలిక: అడవిలోని శ్మశానం. అమరకోశంలో శ్మశానానికి పితృవనమని మరొక పేరు ఉన్నది గదా! ఆ పేరు దీనికి అతికినట్లు సరిపోతుంది.

కంకర తవ్వి వదిలివేసిన గోతులు, వాటి చుట్టూ పెరిగిన పైన్ చెట్లు. ఇదీ మొదట ఆ స్థలం. 1914-15లో నగరంవారు అంతర్జాతీయ పోటీ పెట్టగా గున్నార్ ఆస్‌ప్లుండ్, సిగుర్డ్ లెవెరెంట్స్ అనే వాస్తుశిల్పులు గెలుపొందారు. అప్పటికి ఇద్దరికీ ముప్పయి ఏండ్లే. వారు అడవిని అడవిగానే ఉంచి, చెట్ల నడుమనే సమాధులకు చోటు చూపారు. సమాధి రాళ్ళు పొట్టివి. కలవారిది ఏది, లేనివారిది ఏది అన్న తేడా కంటికి ఆనదు. పైకి కనిపించేవి చెట్లే.

లోపలికి వెళ్ళగానే విశాలమైన పచ్చిక నేల, ఒక ప్రక్క ఎత్తయిన గ్రానైటు శిలువ, మరొక ప్రక్క ఒక గుట్ట ఎదురవుతాయి. గుట్టమీద ఎల్మ్ చెట్ల మధ్య, పోయినవారిని తలచుకుంటూ కాసేపు కూర్చునేందుకు ఒక చోటు ఉన్నది. దాని మెట్లను గమనించవలెను. పైకి పోయినకొద్దీ మెట్టు ఎత్తు తగ్గుతూ వస్తుంది. దుఃఖంలో ఉన్నవారు ఆయాసపడకుండా పైకి చేరాలని ఈ ఏర్పాటు. కంటికి తెలియకపోయినా కాళ్ళకు తెలుస్తుంది.

అక్కడినుండి 'ఏడు బావుల బాట' 888 మీటర్ల పొడవున తిన్నగా సాగుతుంది. మొదట బెరడు తెల్లని బర్చి చెట్లు, తరువాత పైన్, చివరకు దట్టమైన స్ప్రూస్. నడిచేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, మనసు అణుగుతుంది. బాట చివర లెవెరెంట్స్ నిర్మించగా 1925లో పూర్తయిన పునరుత్థాన మందిరం ఉన్నది. దుఃఖితులు ఉత్తరపు వాకిట ప్రవేశిస్తారు. దక్షిణాన ఉన్న ఒకే ఒక పెద్ద కిటికీనుండి లోపలికి వెలుగు పడుతుంది. ప్రార్థన ముగిశాక పడమటి తలుపుగుండా వెలుపలికి పోతారు. వచ్చిన వాకిట మరలిపోరు. శ్మశానంనుండి ఇంటికి వచ్చేటప్పుడు వెనుతిరిగి చూడరాదని మనవారు చెప్పడంలేదా? మతాలు వేరైనా మనుష్యుల మనసు ఒకటే.

మృత్యువును వారు దాచిపెట్టలేదు. 1920లో ఆస్‌ప్లుండ్ కట్టిన చిన్న అడవి మందిరపు తలుపుకు పుర్రె ఆకారంలో తాళం అమర్చారు. తాళంచెవి దూర్చేది ఆ పుర్రె కంటిలోనే! అయితే 1940లో ఆయన పూర్తిచేసిన దహనశాలలో ఓదార్పే ఎక్కువ. అందులో విశ్వాసం, ఆశ, పవిత్ర శిలువ అనే పేర్లతో మూడు మందిరాలు ఉన్నవి. ప్రతిదానికి వేరుగా ఒక వేచియుండే గది, ఒక చిన్న తోట. ఒక ఇంటివారి దుఃఖానికి మరొక ఇంటివారు అడ్డు రాకూడదని ఈ జాగ్రత్త. పెద్ద మందిరపు ముందరి గోడ నేలలోకి దిగిపోతుంది. అప్పుడు లోపలివారికి స్తంభాల మంటపం, దానికి అవతల పచ్చిక, ఆకాశం కనిపిస్తాయి. ఆ కట్టడం పూర్తయిన సంవత్సరమే ఆస్‌ప్లుండ్ కన్నుమూశారు. ఆయన సమాధి దాని చెంతనే ఉన్నది. 1994లో యునెస్కోవారు ఈ వనాన్ని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చారు.

ఈ వనంనుండి మనం నేర్చుకోదగినది, మెట్టు ఎత్తు తగ్గించిన ఆ ఆలోచన. చనిపోయినవారికి మెట్లతో పనిలేదు. ఆ శ్రద్ధ అంతా మిగిలి ఉన్నవారికోసం.

పొరుగు రాష్ట్రాలలో స్థిరపడిన మనవారు పెళ్ళికి మంటపం వెతుకుతారు, పండుగకు పందిరి వేస్తారు. రుద్రభూమి సంగతి మాత్రం అవసరం పడిన నాడే గుర్తుకు వస్తుంది. ఆనాడు పాడె వెంట వచ్చిన ముసలివారు ఎండలో నిలబడతారు. కొరివి పెట్టిన బిడ్డ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు వెతుక్కుంటాడు. అడవిని పెంచడం మన శక్తికి మించిన పని కావచ్చును. నాలుగు వేపచెట్లు, ఒక అరుగు, నీళ్ళు వచ్చే ఒక కుళాయి మన చేతిలోని పనే. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ మాటను ఎవరైనా ఎత్తితే, అశుభమని ఆపవద్దని పాఠకులకు మా మనవి.