కోనసముద్రం కొలిమిలో ఎంత వేడి?

నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రం పేరు ఒకప్పుడు పర్షియా వర్తకులకు బాగా తెలుసు. ఇక్కడి కొలుముల్లో తయారైన ఉక్కు ముద్దలను వారు కత్తుల కోసం కొనుక్కుపోయేవారు. ఇంగ్లీషు వారు ఈ సరుకును ‘ఊట్జ్’ అన్నారు. అది మన ‘ఉక్కు’ అన్న మాటే అలా మారిందని పండితుల అభిప్రాయం.

వేడిని కొలిచే సాధనం ఒక్కటీ లేని రోజుల్లో మన కమ్మరులు ఈ పని ఎలా సాధించారు?

స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. తిత్తులతో ఊదే బొగ్గుల కొలిమిలో అంత వేడి రావడం కష్టం. ముడిరాయి నుంచి ఇనుము తీసే మామూలు కొలిమిలో వేడి సుమారు 1,200 డిగ్రీలు. అక్కడ కరిగి కారేది చిట్టెమే. ఇనుము మాత్రం ముద్దగా మిగిలిపోతుంది.

కోనసముద్రం వారి కిటుకు వేరు. ఇనుప ముక్కలను మట్టి మూసలో పెట్టి, మూత బిగించి కాల్చేవారు. ఆ వేడిలో బొగ్గుపాలు ఇనుములోకి దిగుతుంది. నూటికి ఒకటిన్నర వంతు బొగ్గుపాలు చేరితే చాలు, కరిగే వేడి వంద డిగ్రీలకు పైగా తగ్గిపోతుంది. అప్పుడు సుమారు 1,400 డిగ్రీల పైన లోహం పూర్తిగా నీరవుతుంది. ఇంత వేడికి మామూలు కుండ నిలవదు. అందుకే మూస మట్టిలో వరి ఊక కలిపేవారు. ఊక కాలి మిగిల్చే ఇసుకపాలు, నల్ల బొగ్గు ఆ మూసకు బలం. రైతు కుప్ప పోసి తగలబెట్టే ఊకే ఇక్కడ ఉక్కును కాచింది!

హెన్రీ వాయిజీ అనే ఆంగ్ల వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు ఈ పని చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో మరణించగా, ఆ వ్యాసం 1832లో అచ్చయింది. ఒక రాత్రి, ఒక పగలు తిత్తి ఆగకుండా ఊదేవారట. చల్లారిన ముద్దను మట్టి పూసి మళ్లీ గంటల తరబడి కాచేవారట. అదీ ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు.

మరి కొలత? కంటి చూపే. మసక ఎరుపు అంటే 700 డిగ్రీల దరిదాపు. నారింజ రంగుకు 1,000 దాటినట్టు. తెలుపు తిరిగితే 1,300. మంటలకు కళ్లప్పగించి నిలబడే ఈ చదువు ఏ బడిలోనూ దొరకదు. ప్లాటినం, రోడియం తీగలతో కొలిమి వేడిని నమ్మకంగా కొలవడం ఫ్రాన్సులో లె షటెలియే చేతిలో 1880లలో గాని కుదరలేదు.

ఐరోపా కమ్మరులు ఈ ఉక్కును తమ అలవాటు ప్రకారం తెల్లగా కాల్చి సుత్తితో కొట్టారు. అది పొడిపొడి అయింది. బొగ్గుపాలు ఎక్కువైన ఉక్కు కాబట్టి ఆ వేడికి లోపల అక్కడక్కడా కరగడం మొదలవుతుంది. ఎర్రటి వేడి మీద, ఓపికగా సాగగొట్టాలి. మైకేల్ ఫారడే వంటి మహా శాస్త్రజ్ఞుడు సైతం 1819లో దీన్ని పరీక్షించి, బలమంతా అల్యూమినియం పాలు వల్ల వచ్చిందనుకున్నాడు. అసలు సంగతి బొగ్గుపాలు.

ఈ కొలుములు చల్లారి చాలా కాలమైంది. మిగిలినవి మూస పెంకులు, చిట్టెం దిబ్బలు. 2010లో బెంగుళూరు, ఇంగ్లండులోని ఎక్సెటర్ నుంచి వచ్చిన పరిశోధకులు ఉత్తర తెలంగాణ గ్రామాలు తిరిగి వీటిని నమోదు చేశారు. పెంకు మీద గాజులా కరిగిన పూతను పరీక్షిస్తే, ఆనాటి కొలిమి ఎంత వేడెక్కిందో అంచనా కట్టవచ్చు. దిబ్బను చదును చేసి పెంకులు చెదరగొడితే ఆ లెక్క మరెక్కడా దొరకదు.

పొలం దున్నేటప్పుడు లోపల నల్లగా, పైన గాజు మెరుపుతో, ఊక అచ్చులు పడిన బరువైన పెంకు కనిపిస్తే అది మూస ముక్క కావచ్చు. దాన్ని దొరికిన చోటే ఉంచి పురావస్తు శాఖకు కబురు చేయడం మేలు.