వీధిలో నుంచి ఫోన్‌లోకి

ఈ వారం కొంచెం ఇబ్బందిగా అనిపించే సంగతి మాట్లాడుకోవాలి. పుల్పిట్ మీద నుంచి చెప్పడం కష్టం, ఇంట్లో పిల్లల ముందు చెప్పడం ఇంకా కష్టం. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

కిందటి నెల ఖిలా వరంగల్‌లో ఆదివారం ఆరాధన అయ్యాక ఒక సహోదరి అందరూ వెళ్లేదాకా ఆగి మాతో మాట్లాడారు. డిగ్రీ చదివే కొడుకు సరిగా అన్నం తినడం లేదు, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాడు. అడగ్గా అడగ్గా బయటపడిందట. ‘ఎస్కార్ట్ సర్వీస్, వరంగల్, హన్మకొండ, కాజీపేట’ అనే ప్రకటన చూసి వాట్సాప్‌లో పలకరించాడు. రిజిస్ట్రేషన్ అని 500, రూమ్‌కని 2,000, ‘తిరిగి ఇచ్చే డిపాజిట్’ అని 5,000 రూపాయలు పంపాడు. అమ్మాయి లేదు, రూమూ లేదు. తర్వాత బెదిరింపులు మొదలయ్యాయి. ‘ఇంకో పదివేలు పంపు, లేకపోతే నీ చాట్ అంతా మీ నాన్నకూ మీ పాస్టర్‌కూ వెళ్తుంది’ అన్నారు.

ఎస్కార్ట్ అంటే తోడుగా వచ్చే మనిషి. ప్రకటనల్లో మాత్రం అది ముసుగు మాట. ముసుగు కొత్తదే గానీ వెనకున్న వ్యాపారం పాతది, మన ఊళ్లోనూ పాతదే. ఓరుగల్లు వీధులను కళ్లకు కట్టే క్రీడాభిరామంలో ఇద్దరు మిత్రులు రోజంతా నగరం తిరుగుతారు. పూటకూళ్ల ఇంట్లో భోంచేస్తారు, వేశ్యవాటికా చూస్తారు. ప్రతాపరుద్రుడి కాలపు మాచలదేవి పేరు అందులో కనిపిస్తుంది. ఇవాళ మట్టికోట, రాతికోట దాటి తోరణాల దాకా నడిచేవారికి ఆ వీధుల జాడ తెలియదు. అయితే అప్పుడు ఆ వ్యాపారానికి ఒక వీధి ఉండేది. వీధి ఉంటే ఇరుగుపొరుగు ఉంటారు, ఎవరు వస్తున్నారో, లోపల ఎవరు ఏడుస్తున్నారో చెవిన పడుతుంది. యెరికో ప్రాకారం మీద రాహాబు ఇంటికి కిటికీ ఉంది గనుకనే దానికి ఎర్ర దారం కట్టగలిగారు.

మన దేశపు చట్టం కూడా వీధినీ కిటికీనీ దృష్టిలో పెట్టుకుని రాసిందే. 1956లో వచ్చి, 1986 సవరణతో అనైతిక వ్యాపార నిరోధక చట్టంగా పేరు మారిన ఈ చట్టం వ్యభిచార గృహం నడపడాన్ని, ఇతరుల సంపాదన మీద బతకడాన్ని, మనుషుల్ని ఆ వృత్తిలోకి దింపడాన్ని నేరమంటుంది. కిటికీలో గానీ బాల్కనీలో గానీ కూర్చుని పిలవడం గురించి కూడా అందులో ఉంది. ప్రార్థనా స్థలానికి, బడికి, హాస్టల్‌కు, ఆసుపత్రికి 200 మీటర్ల లోపు జరగకూడదంటుంది. వారంట్ లేకుండా సోదా చేయాలంటే ఆ ప్రాంతపు పెద్దమనుషులు కనీసం ఇద్దరు వెంట ఉండాలి, వారిలో ఒక స్త్రీ ఉండాలి. అంటే చట్టం పక్కింటివాళ్లను లెక్కలోకి తీసుకుంది. జేబులోని ఫోన్‌కు 200 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి? మందిరంలో బెంచీ మీద కూర్చున్నవాడి చేతిలోనే ఉంది కదా.

హైదరాబాద్ పాతబస్తీలో మెహబూబ్ కీ మెహందీ అనే వీధి ఉండేది. 1996లో దాన్ని ఖాళీ చేయించారు. ఆ స్త్రీల పిల్లల కోసం సునీతా కృష్ణన్, క్రైస్తవ మిషనరీ బ్రదర్ జోస్ వెట్టికాటిల్ బడి పెట్టారు. ‘ప్రజ్వల’ అలా పుట్టింది. ఆ పిల్లల్ని వెతకడానికి ఏ వీధికి వెళ్లాలో వారికి తెలుసు.

సరిగ్గా అదే కాలంలో వీధి అవసరం లేని దారి తెరుచుకుంది. 1995 ఆగస్టు 15న మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది. అప్పటిదాకా దినపత్రికల చిన్న ప్రకటనల్లో ‘మసాజ్’, ‘ఫ్రెండ్‌షిప్’ అంటూ ఒక ఫోన్ నంబరు మాత్రమే ఉండేది. అమెరికాలో క్రెయిగ్స్‌లిస్ట్, తర్వాత 2004లో మొదలైన బ్యాక్‌పేజ్ ఆ చిన్న ప్రకటనలను ఫొటోలతో సహా వెబ్‌లోకి తెచ్చాయి. విమర్శలు ముదిరాక 2010లో క్రెయిగ్స్‌లిస్ట్ ఆ విభాగాన్ని అక్కడ మూసేసింది. 2018 ఏప్రిల్‌లో ప్రభుత్వం బ్యాక్‌పేజ్‌ను స్వాధీనం చేసుకుంది, వెబ్‌సైట్లనే బాధ్యుల్ని చేసే చట్టమూ అదే నెలలో వచ్చింది. వ్యాపారం ఆగిందా? ప్రకటనలు వేరే దేశాల సర్వర్లకు తరలిపోయాయి. ఆచూకీ దొరకడం ఇంకా కష్టమైందని 2021లో అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థే రాసింది. మూసేస్తే చాలనుకునేవాళ్లలో మేమూ ఉన్నాం, ఇప్పుడు అంత గట్టిగా అనలేకపోతున్నాం.

తెలుగువారూ ఇందులో ఉన్నారు. అదే 2018లో చికాగోలో ఒక తెలుగు జంటను అరెస్టు చేశారు. తెలుగు సంఘాల వేడుకలకు వస్తున్నట్లు వీసాలు ఇప్పించి, సినిమా నటీమణులను తీసుకెళ్లి, ఫోన్ సందేశాలతో బేరాలు కుదిర్చారన్నది కేసు.

మన దగ్గర అసలు మార్పు 2016లో జియో వచ్చాక జరిగింది. డేటా చవకైంది, ప్రతి చేతిలో వాట్సాప్ వచ్చింది. 2022 డిసెంబరులో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వెబ్‌సైట్లలో ప్రకటనలు, ఫోన్లెత్తడానికి కాల్ సెంటర్లు, అమ్మాయిల ఫొటోలు తిరిగే వాట్సాప్ గ్రూపులు. దాని చేతుల్లో పడిన స్త్రీల సంఖ్య 14,190 అని పోలీసులు చెప్పారు. ఏ వీధిలోనైనా అంతమందిని దాచగలరా? ఇవాళ ఒక ఊళ్లో, రేపు ఇంకో ఊరి హోటల్‌లో. ఆమెకు ఇరుగుపొరుగు అంటూ ఎవరూ ఉండరు.

తమంతట తామే ప్రకటన ఇచ్చుకునే స్త్రీలూ ఉన్నారు, నెట్ వల్ల దళారీ బెడద తప్పిందని చెప్పేవారూ ఉన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం. ఈ వృత్తిలో ఉన్న స్త్రీలతో గౌరవంగా మెలగాలని 2022 మే నెలలో సుప్రీంకోర్టు పోలీసులను ఆదేశించింది. మనకూ అది వర్తిస్తుంది. కానీ ఫొటోలో నవ్వుతున్న అమ్మాయి తనంతట తాను వచ్చిందో, ఎవరైనా తెచ్చి నిలబెట్టారో చూసేవాడికి తెలిసే దారే లేదు.

వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోనే ఉంది యాదగిరిగుట్ట. 2018 జూలై చివర్లో అక్కడ పోలీసులు 11 మంది బాలికలను విడిపించారు. త్వరగా ఎదగాలని హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చినట్లు తేలింది. ఆ కేసు బయటపడింది ఏ సైబర్ నిఘా వల్లా కాదు. ఒక పిల్లను కొడుతుంటే చూసి ఊరుకోలేక స్థానికులు చెప్పడం వల్ల. మీ వీధిలో అద్దెకు దిగిన ఇంట్లో పిల్లలు బడికి వెళ్లకపోతే, వేళకాని వేళ మనుషులు మారుతుంటే 1098కి గానీ 112కి గానీ చెప్పండి. మీ పేరు బయటికి రాదు.

ఇక యౌవనస్థులకు ఒక మాట. మన ఊరి పేరుతో కనిపించే ఇలాంటి ప్రకటనల్లో చాలావాటి వెనక ఏ స్త్రీ ఉండదు, ఎక్కడో కూర్చున్న మోసగాడు ఉంటాడు. సిగ్గుపడి పోలీసుల దగ్గరికి పోడన్న ధీమాతోనే వాడు అడుగుతాడు. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. డబ్బు పంపకండి, చాట్ చెరిపేయకండి, 1930కి ఫోన్ చేయండి.

ఆ సహోదరి కొడుకు అదే చేశాడు. తల్లి పక్కన కూర్చుని ఉండగా ఫిర్యాదు రాయించాడు. రెండు రోజులు కొత్త కొత్త నంబర్ల నుంచి కాల్స్ వచ్చాయి, ఎత్తలేదు. మూడో రోజు ఆగిపోయాయి. పాస్టర్ గారికి ఎవరూ ఏమీ పంపలేదు. తర్వాతి శనివారం ఆ అబ్బాయే వెళ్లి ఆయనకు చెప్పాడు.