అమ్మిన కారును కంపెనీ వెనక్కి పిలిస్తే...



'ఫలానా కంపెనీ ఇన్ని వేల బండ్లను రీకాల్ చేసింది' అని పేపర్లో అప్పుడప్పుడు చదువుతుంటాం. చదవగానే అందరికీ వచ్చే అనుమానం ఒకటే. అమ్మేసిన బండిని మళ్ళీ పిలవడమేమిటి? మన బండి బాగానే నడుస్తోంది కదా, మనమెందుకు వెళ్ళాలి? ఈ సంచికలో మేము ఈ విషయాన్నే తీసుకున్నాం. ఎలక్ట్రిక్ కార్ల చరిత్రలో బాగా పెద్దదైన ఒక రీకాల్ కథ చెబితే సంగతి సులభంగా అర్థమవుతుంది.

అమెరికాలో జనరల్ మోటార్స్ అనే పెద్ద కంపెనీ 2016 చివరలో షెవ్రోలే బోల్ట్ అనే ఎలక్ట్రిక్ కారును అమ్మకానికి పెట్టింది. ఒకసారి పూర్తిగా చార్జ్ చేస్తే 380 కిలోమీటర్ల దాకా నడిచేది. దాని బ్యాటరీలో 60 యూనిట్ల కరెంటు పడుతుంది. మన మీటరులో తిరిగే యూనిట్లే. బ్యాటరీ అంటే ఒకే పెట్టె అనుకోకండి. అందులో పలుచని సంచుల్లాంటి సెల్స్ 288 ఉంటాయి. ఈ సెల్స్‌ను కొరియా దేశానికి చెందిన ఎల్‌జి కంపెనీ తయారు చేసింది.

ఒక్కొక్క సెల్ లోపల రుణ ధ్రువం, ధన ధ్రువం పొరలు పొరలుగా ఉంటాయి. రెండింటి మధ్య సెపరేటర్ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని మందం తల వెంట్రుక కంటే తక్కువ! లిథియం అయాన్లు ఆ పొరలోని సన్నని రంధ్రాల గుండా అటూ ఇటూ వెళ్ళవచ్చు. రెండు ధ్రువాలు మాత్రం ఒకదానినొకటి తాకకూడదు. తాకితే షార్ట్ సర్క్యూటే. వేడి పుడుతుంది, ఆ వేడికి రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి, వాటి వల్ల మరింత వేడి పుడుతుంది. ఒక సెల్ అంటుకుంటే పక్క సెల్‌కు పాకుతుంది. నిప్పు మీద తడి గోనెసంచి కప్పితే గాలి అందక ఆరిపోతుందని మనకు తెలుసు. ఇక్కడ ఆ ఉపాయం సరిగా పనిచేయదు. ఎందుకంటే ధన ధ్రువంలోని పదార్థం వేడెక్కినప్పుడు తానే ఆక్సిజన్‌ను వదులుతుంది. ఆరిందనుకున్న మంట కొన్ని గంటల తర్వాత మళ్ళీ లేవడం కూడా ఉంది.

బోల్ట్ కార్లలో కొన్ని ఆగి ఉండగానే కాలిపోయాయి. దాంతో 2020 నవంబరులో కంపెనీ 2017 నుండి 2019 మోడళ్ళ కార్లను సుమారు 68 వేలు రీకాల్ చేసింది. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కాలిన కార్ల బ్యాటరీలు నిండుగానో దాదాపు నిండుగానో చార్జ్ అయి ఉన్నాయని మాత్రం గమనించారు. అందుకని 90 శాతానికి మించి చార్జ్ చేయవద్దన్నారు. బ్యాటరీ ఎంత నిండితే లోపల అంత శక్తి నిలవ ఉంటుంది, మంట అంటుకుంటే అంత ఉధృతంగా ఉంటుంది. కుండను అంచు దాకా నింపకుండా కొంచెం వెలితి ఉంచడం లాంటిది ఇది.

2021 ఏప్రిల్ చివర కంపెనీ, బ్యాటరీలో తేడాను ముందే పసిగట్టే సాఫ్ట్‌వేర్ తెచ్చాం, ఇక 90 శాతం నియమం అక్కర్లేదన్నది. యజమానులు కార్లు తీసుకెళ్ళి వేయించుకున్నారు. కాని అదే సంవత్సరం జూలైలో వెర్మాంట్ రాష్ట్రంలో ఒక శాసనసభ్యుడి కారు ఇంటి ముందు చార్జింగులో ఉండగా కాలిపోయింది. అది రీకాల్ పని పూర్తయిన కారే!

అప్పుడు లోతుగా వెతికితే అసలు దోషం బయటపడింది. రుణ ధ్రువానికి ఉండే ట్యాబ్ అనే లోహపు రేకు చిరిగి ఉండటం ఒకటి, సెపరేటర్ మడత పడి ఉండటం రెండవది. రెండూ ఒకే సెల్‌లో కలిసి ఉంటే మంటకు అవకాశం ఎక్కువ. 2021 ఆగస్టు 20న కంపెనీ రీకాల్‌ను అప్పటిదాకా చేసిన బోల్ట్ కార్లన్నింటికీ విస్తరించింది. మొత్తం 1 లక్షా 40 వేల పైచిలుకు కార్లు. దోషం కొరియా ఫ్యాక్టరీకే పరిమితం కాలేదని కూడా తేలింది. చార్జ్ కాగానే కారును ఆరుబయట పెట్టండి, రాత్రంతా ఇంట్లో చార్జింగులో వదలకండి అని యజమానులకు చెప్పారు. కొన్ని చోట్ల పార్కింగ్ గ్యారేజీల వాళ్ళు ఈ కారును లోపలికి రానివ్వలేదు. నెలల తరబడి తయారీ ఆగి, 2022 ఏప్రిల్‌లో మళ్ళీ మొదలయింది. ఖర్చు సుమారు 200 కోట్ల డాలర్లు. అందులో 190 కోట్ల వరకు ఎల్‌జి భరించడానికి ఒప్పుకున్నది.

మా అభిప్రాయం చెప్పమంటే, మొదటిసారి సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టడం తొందరపాటే. సెల్ లోపల మడత పడిన పొరను బయటినుండి సాఫ్ట్‌వేర్ సరిచేయలేదు. మహా అయితే ముందుగా హెచ్చరించగలదు. హ్యుందాయ్ కోనా కారు విషయంలోనూ ఇదే జరిగింది. 2020 అక్టోబరులో సాఫ్ట్‌వేర్ మార్చారు, 2021 జనవరిలో అలా మార్చిన కారు ఒకటి కొరియాలో కాలింది, ఫిబ్రవరిలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 82 వేల వాహనాల బ్యాటరీలు మార్చడానికి సిద్ధపడ్డారు. మన దేశంలో కూడా 2020 డిసెంబరులో 456 కోనా కార్లను తనిఖీకి పిలిచారు. అయితే ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. దాచిపెట్టి ఊరుకున్న కంపెనీ కంటే రెండుసార్లు, మూడుసార్లు పిలిచిన కంపెనీయే నయం.

కార్ల సంగతి మనకెందుకు అంటారా? ఎలక్ట్రిక్ కార్లు మనలో ఎందరికి ఉన్నాయో గాని, ఎలక్ట్రిక్ స్కూటర్లు మాత్రం ఊరూరా తిరుగుతున్నాయి. బ్యాటరీ పరిమాణం వేరు, కంపెనీ వేరు, కాని లోపలి రసాయన శాస్త్రం ఒకే కుటుంబానిది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి, ఇంట్లో రాత్రిపూట చార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ నెలలోనే ఒకినావా 3,215 స్కూటర్లను, ఓలా 1,441 స్కూటర్లను, మన హైదరాబాద్‌కే చెందిన ప్యూర్ ఈవీ 2,000 స్కూటర్లను వెనక్కి పిలిచాయి. తదుపరి కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. కొత్త నియమాలు 2022 డిసెంబరు నుండి, 2023 మార్చి చివరి నుండి రెండు దశల్లో అమలులోకి వచ్చాయి.

పట్నంలో నలుగురు కలిసి ఒకే గది అద్దెకు తీసుకుని ఉండే అన్నలకు ఇది ముఖ్యం. బండి కిందే ఉంటుంది, బ్యాటరీ మాత్రం పైకి తెచ్చుకుని మంచం పక్కన ప్లగ్గుకు పెట్టి పడుకుంటారు. బయటికి వెళ్ళే దారి ఒకటే తలుపు. ఆ తలుపు దగ్గరే బ్యాటరీ ఉంటే నిప్పు అంటుకున్నప్పుడు తప్పించుకునే దారి ఏది? చార్జింగు మెలకువగా ఉన్నప్పుడు పెట్టుకోవాలి, తలుపుకు, పరుపులకు దూరంగా పెట్టుకోవాలి. బండితో ఇచ్చిన చార్జర్ పాడైతే చవకగా దొరికిందని ఏదో ఒకటి తగిలించకూడదు. ఉబ్బిన, కింద పడి దెబ్బతిన్న, నీళ్ళలో మునిగిన బ్యాటరీని అసలు చార్జ్ చేయకూడదు.

ఇంకొక చిక్కు సెకండ్ హ్యాండ్ బండ్లది. మనవాళ్ళలో చాలామంది కొనేది అవే. రీకాల్ జరిగితే కంపెనీ ఉత్తరం పంపినా, ఫోన్ చేసినా అది మొదట కొన్నవారికే వెళ్తుంది. బండి చేతులు మారిందని కంపెనీకి ఎలా తెలుస్తుంది? కాని లోపం బండిది, యజమానిది కాదు. రీకాల్ లెక్క నడిచేది ఛాసిస్ నంబరు మీదే. మన దేశంలో 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చారు. దాని నియమాలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు కంపెనీలు తమంతట తాము పిలిస్తే పిలిచినట్టు, లేకపోతే లేదు.

కాబట్టి పాత ఎలక్ట్రిక్ బండి కొనేటప్పుడు బేరం కుదరక ముందే ఆర్‌సి మీద ఉన్న ఛాసిస్ నంబరు రాసుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళ్ళి, 'ఈ నంబరు మీద రీకాల్ ఏదైనా ఉందా, ఉంటే పని జరిగిందా?' అని అడగండి. కొన్న తర్వాత మీ పేరు, ఫోన్ నంబరు అక్కడ రాయించండి. రీకాల్ పని మిగిలి ఉంటే దానికి డబ్బు కట్టనక్కర్లేదు. పని అయ్యాక ఏ భాగం మార్చారో కాగితం మీద రాయించుకుని ఆర్‌సితో పాటు దాచుకోండి. మీరు ఆ బండిని మరొకరికి అమ్మేటప్పుడు వాళ్ళకు ఆ కాగితం కావాలి.