బాణం చేసేవాని బాధ్యత

దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌ఫాల్ సూరా 60వ ఆయత్ శక్తిని సమకూర్చుకోమని ఆదేశిస్తున్నది. ఆ శక్తి విలువిద్యయేనని దైవప్రవక్త (సఅసం) ముమ్మారు నొక్కి చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ఒక్క బాణం మూలంగా ముగ్గురు స్వర్గప్రవేశం పొందుతారని అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలోని మరొక హదీసు తెలుపుతున్నది. మేలు కోరి దానిని తయారుచేసినవాడు, దానిని వేసినవాడు, అందించినవాడు ఆ ముగ్గురు. వీరిలో మొదటి ప్రస్తావన తయారుచేసినవానిదే కావడం గమనార్హం. బాణం గమనాన్ని పరిశీలిస్తే ఆ పని ఎంత బరువైనదో బోధపడుతుంది.

నారి వదలగానే బాణం తిన్నగా పోదు. వెనుక నుండి నారి నెట్టగా కాడ వంగుతుంది, వింటిని చుట్టుకొన్నట్లుగా దాటిపోతుంది, కొంతసేపు అటూ ఇటూ ఊగి ఆ తరువాతే నిలకడ పొందుతుంది. కనుక కాడ బిరుసుదనం వింటి బలానికి సరిపడి ఉండాలి. అరబ్బులు, తుర్కులు బొటనవ్రేలితో నారి లాగేవారు. కుడిచేత ఆ విధంగా లాగేటప్పుడు బాణం వింటికి కుడివైపున ఉంటుంది. అప్పుడు కాడ మరీ బిరుసైతే బాణం కుడికి, మరీ మెత్తనైతే ఎడమకు తొలగుతుంది.

ఈ దోషాన్ని ఈకలు కొంత కప్పిపుచ్చుతాయి. అందువల్ల ఈకలు లేని కాడను కూడా కొంత దూరాన మెత్తని గురిదిబ్బపై వేసి చూడాలి. సరిచేయడానికి ఒక వరుస ఉంది. మొదట గాడి చూడాలి. అది నారిని బిగించి పట్టరాదు, జారిపోనూరాదు. తరువాత నారిపై బాణం నిలిపే చోటు చూడాలి. ఈకలు లేని కాడ ఈకల బాణం కంటే పైన గుచ్చుకొంటే ఆ చోటును కొద్దిగా పైకి జరపాలి, క్రింద గుచ్చుకొంటే దించాలి. ఆపైన కాడ సంగతి. బిరుసైన కాడను సన్నగా చివ్వవచ్చు, లేదా ములికి బరువు పెంచవచ్చు. మెత్తని కాడకు తేలిక ములికి అమర్చాలి. ఒక బాణానికి ఒకే వైపు రెక్క ఈకలు వాడాలి. ఒకసారికి ఒకే మార్పు చేయాలి, లేకుంటే ఏది గుణమిచ్చిందో తెలియదు.

ఈ పరీక్ష చేయనివాడు దోషం తన చేతిదేనని భ్రమించి గురిని ప్రక్కకు మార్చుకొంటాడు. వంకర బాణానికి వంకర గురి అలవాటవుతుంది. తరువాత మంచి బాణం దొరికినా అతడు గురి తప్పుతాడు. ఇంతకంటె పెద్ద ప్రమాదం పగిలిన కాడ. అది వదిలిన క్షణంలో విరిగి విల్లు పట్టిన చేతినే చీల్చవచ్చు. అందుచేత ప్రతి కాడనూ ముందుగా మెల్లగా వంచి, పగులు చప్పుడు వినిపిస్తుందేమో చూడాలి.

14వ శతాబ్దిలో మమ్లూకుల రాజ్యంలో తైబుగా విలువిద్యపై ప్రత్యేక గ్రంథమే రచించాడు. ఇస్తాంబుల్‌లోని ఓక్‌మైదాన్‌లో ఉస్మానియా విలుకాండ్రు దూరాల పోటీలు జరిపి, రికార్డులకు గుర్తుగా రాళ్ళు నాటారు. తుర్కియే సాంప్రదాయిక విలువిద్యను యునెస్కో 2019లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ రాళ్ళపై ఉన్నది విలుకాని పేరు. అయితే బాణం అంత దూరం తిన్నగా పోవడంలో దానిని చేసిన చేతికీ భాగం ఉన్నది.