అమ్మ ఆగిన ఫోటో

మొన్న మార్గశిరంలో రక్సౌల్ దగ్గర సరిహద్దు దాటి జీపులో కాఠ్మండు వెళ్ళివచ్చాను. 1956లో మన దేశం సాయంతో పూర్తయిన త్రిభువన్ రాజపథం మీద ప్రయాణం. ఆ మలుపుల్లో కడుపు తిప్పిన సంగతి ఫోటోల్లో కనపడదు గదా! దామన్‌లో దిగి హిమాలయాలను తనివితీరా తీశాను.

పెనుకొండ వచ్చి అమ్మకు ఆల్బం చూపిస్తే, "అంతా తెల్లగానే ఉందే నాయనా" అని తిప్పేసింది. హిందూపురం మార్కెట్లో కంబళి కప్పుకుని బెల్లం అమ్మే రైతునూ, ధర్మవరంలో చలికి చేతులు రుద్దుకుంటూ మగ్గం గుంటలో దిగే నేతగాణ్ణీ కాస్త చూసింది. 1565 తర్వాత విజయనగర రాజులు తరలివచ్చిన మా ఊళ్ళో, గగన్‌మహల్ ముందు ఎండ కాచుకుంటున్న నాన్న దగ్గర ఆగిపోయింది.

కెమెరా పనిచేస్తుందో లేదో చూడ్డానికి తీసిన బొమ్మ అది. ఆయన పోయి మూడేళ్ళు. నేను తీసినవాటిలో ఆయనది ఇంకొకటి లేదు.